మూడో ఆమె

మొన్న బైబిల్ బంగ్లాకు పోయి వచ్చిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. వయసు మీద పడి అరుగుదల తగ్గిందని ఇంట్లోవాళ్ళు వాము నీళ్ళు కాచి ఇస్తున్నారు, తాగుతున్నాను. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు పక్కన, ఒకప్పుడు చెరుకు తోటలు ఉన్నచోట, కతోలిక ఫాదర్ల చదువుల సంస్థ ఒకటి ఉంది. ఫాదర్లు అయినవాళ్ళే మళ్ళీ విద్యార్థులై వచ్చి, హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, బైబిల్‌ను లోతుగా చదువుకునే పైచదువుల చోటు. దానికి ఊపిరి ఆపి పలకాల్సినంత పొడుగు పేరుంది కానీ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అది మొదటి నుంచీ బైబిల్ బంగ్లానే. ఆ సంస్థ చరిత్రను ఇప్పుడు పుస్తకంగా వేస్తున్నారట. నేను తెలుగు లెక్చరర్‌గా పని చేసి రిటైరైనదాన్ని, నాలుగు కథల పుస్తకాలు వేసుకున్నదాన్ని, అన్నిటికంటే ముందు పంతొమ్మిదేళ్ళ వయసులో అక్కడ రాతపని చేసినదాన్ని. కాబట్టి ముందుమాట మీరే రాయాలని కబురు చేశారు, కారు కూడా పంపారు. పట్టుచీర కట్టుకుని మరీ పోయాను, సిగ్గులేకపోతే సరి.

లోపల అడుగు పెట్టగానే కొత్త రంగు వాసన, దాని మీద నేల తుడిచే మందు వాసన గుప్పుమన్నాయి. గ్రానైట్ మెట్లు. మెట్ల మీద ఫ్లెక్సీ. ఏసీ హాల్లో 'అట్టడుగు గొంతులు' అనే అంశం మీద ఎవరో ఇంగ్లీషులో ప్రసంగిస్తుంటే, తుడుపు కర్ర పట్టుకున్న ఆడమనిషి చప్పుడు కాకుండా గోడవారగా జరుగుతోంది. ఆమె గొంతు ఆ హాల్లో ఎవరికీ అక్కర్లేదు. ఎనభైమంది పట్టే హాస్టల్లో ఇప్పుడు పదిమంది చదువుకుంటున్నారు. లైబ్రరీకి తాళం. తాళం తీయించి చూస్తే కలరా ఉండల కంపు, ఎలుకల కంపు. ఇవన్నీ చూసి మొహం చిట్లించుకుంటూనే ఉన్నాను. నాతో పాటు తిరుగుతున్న డైరెక్టర్ ఫాదర్ చిన్నవాడు, మర్యాదస్తుడు, గుంటూరు వైపు అబ్బాయి. "ఇటు రండి మేడం, మా దగ్గరున్న అతి విలువైన వస్తువు చూపిస్తాను" అని వరండా చివరికి తీసుకుపోయాడు. అక్కడొక అద్దాల పెట్టె ఉంది. అందులో, నీలిరంగు గుడ్డ మీద, ఒక పాత రూళ్ళ నోటుబుక్కు తెరిచి పెట్టారు. కింద ఇత్తడి రేకు మీద, అది తమ రెండో డైరెక్టర్ గారి క్షేత్ర పరిశోధన పుస్తకమని చెక్కించారు.

ఆ రాత నాది. నేను ఎడమచేతి వాటందాన్ని, నా అక్షరాలు వెనక్కి వాలిపోతాయి, రాసిన గీతల మీద అరచేయి రాసుకుని సిరా అలుక్కుపోతుంది. అద్దం కింద ఆ అలుకు ఇప్పటికీ ఉంది. పెట్టె పైన గోడకు పాలరాయి బిగించి, దాని మీద బంగారు రంగు అక్షరాలతో ఒక వాక్యం రాయించారు: 'బిడ్డ కోసం వెళ్ళిన తల్లికి పేరుండదు.' దాని కింద అదే రెండో డైరెక్టర్ గారి పేరు, ఆయన డిగ్రీలు. ఆ వాక్యం ఆయనది కాదు. నోటుబుక్కులో ఉన్న మాటలూ ఆయనవి కావు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా. పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయాను. ఎండకు పడలేదేమోనని డైరెక్టర్ ఫాదర్ మంచినీళ్ళు తెప్పించాడు. ఆ నీళ్ళు తాగుతూ, ఆ దొంగసొత్తులో నా వాటా ఎంతో నాకు బాగా తెలుసనుకున్నాను. అది చెప్పాలంటే మొదట్నుంచి చెప్పాలి.

మాది బోధన్ అవతల మంజీర వైపు ఊరు. మాకు అమ్మ అంటే అవ్వ, నాన్న అంటే బాపు. బాపు ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు, అవ్వ చెరుకు కొట్టేది. మేము మెథడిస్టులం, కతోలికులం కాదు. ఆదివారం మా గుడిలో పాస్టరయ్య పాడించే కీర్తనలు అవ్వకు నోటికి వచ్చు, అక్షరం ముక్క మాత్రం రాదు. తెల్లారకముందే లేచి జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే మేం నిద్ర లేచేవాళ్ళం. రొట్టెలో ఎల్లిపాయ కారం పెట్టి గుడ్డలో చుట్టుకుని, కొడవలి నడుమున దోపుకుని పోయేది. చెరుకు ఆకు గీసుకుని ఆమె ముంజేతులు ఎప్పుడూ సన్నని గీతలతో నిండి ఉండేవి. పొద్దుమీకి ఇంటికొచ్చాక ఆ గీతల మీద పసుపు, నూనె కలిపి రాసుకునేది. మా ఇంటి వాసన అంటే అదే: పసుపు, నూనె, చెరుకు పాలు ఎండిన చీర. ఫ్యాక్టరీ నడిచే కాలంలో చెరుకు మడ్డి కంపు ఊళ్ళకు ఊళ్ళు కమ్ముకునేది. బయటివాళ్ళు ముక్కు మూసుకునేవారు. అవ్వ మాత్రం, "గా వాసన వస్తున్నన్ని దినాలు పొయ్యిల మంట ఉంటది" అనేది.

నన్ను నిజామాబాద్ హాస్టల్లో వేసి చదివించింది అవ్వ మొండితనమే. ఇంటరైంది, టైపు నేర్చుకున్నాను. బైబిల్ బంగ్లాలో రాతపనికి అమ్మాయి కావాలంటే వార్డెనమ్మ చీటీ రాసిచ్చి పంపింది. అక్కడి ఆఫీసులో కూర్చున్న గుమాస్తా ఒకాయన, "మీవాళ్ళేం చేస్తారమ్మా?" అని అడిగాడు. నా ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి వాళ్ళ నాన్న తహసీలు ఆఫీసులో పని చేస్తాడట, అప్పుడే చెప్పింది. నా నోట్లోంచి, "మా నాన్న షుగర్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉంటాడు, అమ్మ ఇంట్లోనే ఉంటుంది" అని అలవోకగా వచ్చేసింది. ఉద్యోగం నాకే ఇచ్చారు. నా అబద్ధం వల్ల కాదు, నా టైపు బాగుందని ఇచ్చారు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో బంగ్లా అంటే నిజంగానే పెంకుల బంగ్లా, రెండు గదులు, ఒక వసారా. మొదలుపెట్టిన ముసలి ఫాదర్‌ను అందరం పెద్ద ఫాదర్ అనేవాళ్ళం. కోస్తా నుంచి వచ్చినాయన. రబ్బరు చెప్పులు, అతుకులేసిన అంగీ. అంగీ జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. గ్రీకు గ్రంథం చదువుతూ పల్లీలు నములుతూ పొట్టు పేజీల మధ్య రాల్చేవాడు. పుస్తకం దులిపితే పొట్టు రాలేది. ఆయన దగ్గర ఐదారుగురు ఫాదర్లు చదువుకునేవారు. వాళ్ళు గ్రీకు నుంచి తెలుగులోకి సువార్తలను కొత్తగా రాస్తుండేవారు. ఆ రాసినది సరిగా ఉందో లేదో తేల్చడానికి పెద్ద ఫాదర్ ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి గురువారం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చదువు రాని ఐదుగురు ఆడవాళ్ళను, ఎప్పుడూ అదే ఐదుగురిని, పిలిపించేవాడు. అందరినీ చాపమీద కూర్చోబెట్టి ఒక కథ చదివేవాడు. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా లోపలి గదిలోకి పిలిచి, విన్నది నీ మాటల్లో చెప్పమ్మా అనేవాడు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట దిద్దకుండా నేను నోటుబుక్కులో రాయాలి. ఐదుగురిలో ముగ్గురికి తప్పుగా అర్థమైతే తప్పు మనది, మళ్ళీ రాయండి అనేవాడు ఆ ఫాదర్లతో. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు మొహాలు మాడ్చుకుని మళ్ళీ రాసేవారు.

విత్తనాలు చల్లేవాడి కథ చదివిన రోజు నలుగురు ఆడవాళ్ళు, ఒకరి మాట ఒకరు వినకుండానే, ఒకే మాట చెప్పారు: ఆ రైతు తెలివితక్కువ మనిషి. "తొవ్వ మీద, రాళ్ళ మీద ఇత్తనం జల్లెటోడు యాడన్న ఉంటడా సారూ? పంట రాలేదని మల్ల ఎవ్వల మీద ఏడుస్తడు?" అని వాళ్ళ వాదన. పెద్ద ఫాదర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ దేశంలో ముందు చల్లి తర్వాత దున్నుతారన్న సంగతి కథ ముందు ఎలా చెప్పాలా అని ఆ తర్వాత వారం రోజులు తలబాదుకున్నారు అందరూ. పొలం ఎరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది, అందుకే దాన్ని నెత్తిన పెట్టుకోవాలని ఆయన అనేవాడు. ఆ మనిషి మీద నాకు ఈ నాటికీ ఒక్క ఫిర్యాదు లేదు.

ఇక మొదటి గురువారం సంగతి. ఊళ్ళలో ప్రార్థనలు నడిపే ఉపదేశి ఒకాయన మంజీర వైపు తిరిగి ఐదుగురు ఆడవాళ్ళను తీసుకొచ్చాడు. నేను నోటుబుక్కు ముందు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. వరసగా లోపలికి వస్తున్నారు. మొదటి ఆమె ఎవరో నాకు తెలియదు. రెండో ఆమె మా వాడకట్టు గంగవ్వ, నేను చిన్నవ్వ అని పిలిచే మనిషి. మూడో ఆమె మా అవ్వ. గోచీ కట్టు చీర, ముంజేతుల నిండా గీతలు, చేతిలో గుడ్డ మూట. నెలల తర్వాత నన్ను చూస్తోంది. ఆమె మొహం విప్పారడం నేను చూశాను. పెద్ద ఫాదర్ నా వైపు తిరిగి, "తల్లీ, వీళ్ళలో నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పు. మనవాళ్ళనుకుంటే రాసేవాళ్ళు తెలియకుండానే మాటలు దిద్దేస్తారు. అందుకని అడుగుతున్నా" అన్నాడు. గుమాస్తా తలుపు దగ్గరే ఉన్నాడు. నేను, "ఎవరూ తెలియదు ఫాదర్" అన్నాను.

గంగవ్వ నోరు తెరిచింది. అవ్వ ఆమె చేతి మీద చేయి వేసింది, అంతే. గంగవ్వ నోరు మూసుకుంది. అవ్వ చాపమీద కూర్చుని, కాళ్ళు ముడుచుకుని, కొంగు తలమీదికి లాక్కుంది. ఆ తర్వాత నా దిక్కు చూడలేదు. పెద్ద ఫాదర్, మొదటి పేజీలో వీళ్ళ పేర్లు, ఊళ్ళు రాసుకో అన్నాడు నాతో. పేరు రాయాలంటే నేను అడగాలి. నన్ను కన్నతల్లిని నీ పేరేంటని అడగాలి. అప్పుడు నా బుర్రలో ఒక పాడు తెలివి పుట్టింది. "పేర్లెందుకు ఫాదర్, మొదటి ఆమె, రెండో ఆమె అని రాస్తే చదివేవాళ్ళకు పక్షపాతం ఉండదు కదా" అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని నన్ను మెచ్చుకోలుగా చూశాడు. మంచి ఆలోచన, అలాగే చెయ్యి అన్నాడు. ఇప్పుడు అచ్చవుతున్న చరిత్ర పుస్తకంలో ఆ అంకెల పద్ధతిని ఆ కాలానికి ఎంతో ముందున్న శాస్త్రీయ విధానమని రెండు పేజీలు పొగిడారు. ముందుమాట కోసం నాకిచ్చిన ప్రతిలో చదివాను. ఆ శాస్త్రం పుట్టింది ఒక పోరి సిగ్గులోంచి. ఉద్యోగం పోతుందన్న భయం వల్లనే అలా చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. భయం కొంచెమే. ఆ గోచీ చీర, ఆ చేతులు నావాళ్ళవని చెప్పుకోవడానికి నాకు నామోషీ, అదీ అసలు సంగతి.

ఆ గుడ్డ మూటలో నా కోసం ఉడకేసిన మక్కగుడాలు, అంటే మొక్కజొన్న గింజలు, ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ నాకు ప్రాణం. అవ్వ మూట విప్పి, ఫాదర్‌తో మొదలుపెట్టి గదిలో ఉన్న అందరికీ పిడికెడు పిడికెడు పంచింది. గుమాస్తాకు పెట్టింది, వాచ్‌మన్‌కు పెట్టింది. అందరి తర్వాత నా బల్ల మీద పెట్టి, "తినున్రి మేడం" అంది. అప్పట్నుంచి ప్రతి గురువారం ఏదో ఒకటి తెచ్చేది. సజ్జరొట్టె ముక్కలు, రేగుపండ్లు, నువ్వుల ముద్దలు. నాకొక్కదానికి పెట్టడం కుదరదని అందరికీ పెట్టేది. ఐదుగురిలో ఈమె చేయి పెద్దదని పెద్ద ఫాదర్ అంటుండేవాడు. నేను తల వంచుకుని తినేదాన్ని. తినడం మాత్రం మానలేదు, అదీ నా బతుకు.

సెలవులకు ఇంటికి పోతే ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఎత్తేవాళ్ళం కాదు. అవ్వ మామూలుగానే నా తల దువ్వేది, పేలు చూసేది, వేన్నీళ్ళు తోడేది. గురువారం విన్న కథలు మాత్రం బాపుకు చెప్తూ ఉండేది. కతోలికోళ్ళ దగ్గరికి పోతున్నావట గదా అని మా పాస్టరయ్య ఒకసారి ఇంటికొచ్చి నిలదీశాడు. "వాల్లు నన్ను అడుగుతరు అయ్యా. నీకు ఎట్ల ఇనవడ్డది అని అడుగుతరు. ఇన్నేండ్లల్ల నన్ను గట్ల ఎవ్వలు అడగలే" అంది అవ్వ. పాస్టరయ్య చాయ్ తాగి వెళ్ళిపోయాడు. పక్కన కూర్చుని ఆ మాట విన్నదాన్నే నేను, మరుసటి గురువారం మళ్ళీ ఆమెను మూడో ఆమె అనే పిలిచాను.

రెండో ఏడు రోమ్‌లో చదివి వచ్చిన ఒక ఫాదర్ చేరాడు. ఆడవాళ్ళు ఆయనకు రోమ్ ఫాదర్ అని పేరు పెట్టుకున్నారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని, మా గురువారాలు చూసేవాడు. ఆ రోజు చదివిన కథ, జబ్బుపడ్డ కూతురి కోసం వచ్చి యేసును బతిమాలుకున్న పరాయి జాతి ఆడమనిషిది. పిల్లల రొట్టె కుక్కలకు వేయరని ఆయన అంటే, కుక్కలు కూడా కింద పడ్డ ముక్కలు తింటాయి కదా అని జవాబు చెప్పిన తల్లి కథ. మొదటి ఇద్దరూ పాపం ఏడ్చుకుంట అన్నదని చెప్పిపోయారు. తర్వాత అవ్వ వచ్చింది.

"ఆమె ఏడ్వలే సారూ" అంది అవ్వ. "ఏడిస్తే ఇయ్యరని ఆమెకెర్క. నగుకుంట అన్నది."

"నవ్విందని నేను చదవలేదే అమ్మా" అన్నాడు పెద్ద ఫాదర్.

"నువ్వు సదువలే. నాకు ఇనవడ్డది."

"కుక్క అంటే ఆమెకు కోపం రాలేదంటావా మరి?"

అవ్వ చాప అంచు గిల్లింది. "వస్తది, ఎందుకు రాదు? గని బిడ్డ పానం మీదికి వచ్చినంక గా కోపం యాడ వెట్టుకుంటది? బిడ్డ కోసం వొయ్యిన తల్లికి పేరుండదు సారూ. ఏమన్న అననియ్యి, పలుకుతది. బిడ్డ మంచిగైతే సాలు." నా దిక్కు చూడకుండానే చెప్పింది. నేను రాస్తూనే ఉన్నాను. ఎడమ అరచేయి కింద సిరా అలుక్కుపోయింది. అద్దాల పెట్టెలో వాళ్ళు తెరిచి పెట్టింది ఆ పేజీనే. కిటికీ దగ్గర రోమ్ ఫాదర్ కాలు దించి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకోవడం కూడా చూశాను. అది ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు.

పెద్ద ఫాదర్‌కు పక్షవాతం వచ్చి వాళ్ళ ఊరికి తీసుకుపోయారు. రోమ్ ఫాదర్ రెండో డైరెక్టరయ్యాడు. ఆ వారమే గురువారాలు ఆపేశాడు. "వాళ్ళకు అర్థమయ్యేదాకా గ్రంథాన్ని దించుకుంటూ పోలేం. వాళ్ళే ఎదగాలి" అన్నాడు స్టాఫ్ మీటింగులో. ఆ సంగతి ఆడవాళ్ళకు కబురు చేయాలని మాత్రం ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. గురువారం ఐదుగురూ బస్సు దిగి వచ్చారు. వాచ్‌మన్ గేటు తీయలేదు. నేను కిటికీలోంచి చూశాను. ఎండలో నిలబడ్డారు. అవ్వ చేతిలో గుడ్డ మూట ఉంది. కాసేపు చూసి, మూట వాచ్‌మన్ చేతికిచ్చి, లోపలికి చేయి చూపించి ఏదో చెప్పి, తిరిగిపోయారు. వాచ్‌మన్ దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "అందరికి ఇమ్మన్నది, మేడంతోని షురూ చెయ్యమన్నది" అన్నాడు. నేను లేచి గేటు దాకా పోలేదు. టైపు మిషన్ మీద కాగితం ఉంది, అది పూర్తి చేశాను. థూ, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఆ తర్వాత నాకు పైచదువు, లెక్చరర్ ఉద్యోగం, పెళ్ళి అన్నీ వరసగా కుదిరాయి. అవ్వ ఎన్నడూ ఆ గురువారాల పేరెత్తలేదు. మా ఇంట్లోనే, నా చేతుల్లోనే పోయింది. నా కథల్లో తల్లులు చాలామంది ఉన్నారు, వాళ్ళ గురించి సభల్లో మాట్లాడి శాలువాలు కప్పించుకున్నాను. కానీ ఈ సంగతి ఏ కథలోనూ రాయలేదు. రోమ్ ఫాదర్ మాత్రం అవ్వ మాటను పట్టుకుని దేశదేశాలు తిరిగాడు. ఆ నవ్వు మీద, ఆ పేరు లేని తల్లి మీద పెద్ద పుస్తకమే రాశాడట. ఆయనా పోయాడు. ఇప్పుడు పాలరాయి మీద ఉన్నాడు.

మళ్ళీ మొన్నటికి వస్తాను. డైరెక్టర్ ఫాదర్ గదిలో కూర్చున్నాక, ఆ నోటుబుక్కులో రాత నాదని చెప్పాను. ఆయన నమ్మాడు, సంతోషించాడు. "తప్పకుండా రేకు మార్పిస్తాం మేడం, రాసింది మీరని వేస్తాం" అన్నాడు.

"మరి ఆ మాటలు చెప్పినవాళ్ళు?"

"పేర్లు లేవు కదా మేడం. అంకెలే ఉన్నాయి."

"ఆ గోడ మీది మాట మూడో ఆమెది. ఆమె ఎవరో నాకు తెలుసు."

ఆయన నిటారుగా కూర్చున్నాడు. పెన్ను తీశాడు. "ఎవరు మేడం? మీ బంధువులా?"

ఇంత వయసొచ్చింది, జుట్టు తెల్లబడింది, అడిగినవాడు నా కొడుకు ఈడువాడు, పోయేదానికి ఉద్యోగం కూడా లేదు. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట, "కాదు, మా ఊరావిడ" అని. మంచిదే మేడం, బంధువు కాకపోతే సాక్ష్యానికి బలం ఎక్కువ అన్నాడు పాపం ఆ అబ్బాయి. పేరు చెప్పమన్నాడు. కనుక్కుని చెప్తానన్నాను. నా కన్నతల్లి పేరు కనుక్కుని చెప్తానన్నాను. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళు ఎవరైనా బతికుంటే వాళ్ళతో చెప్పించండి, వీడియో తీసుకుంటాం, పుస్తకం అచ్చుకు పోయేలోపు మార్చేస్తాం, పాలరాయి కూడా మారుస్తాం అని మాటిచ్చాడు. మంచివాడే. అసహ్యం ఆయన మీద కాదు.

ఐదుగురిలో బతికి ఉన్నది గంగవ్వ ఒక్కతే. బోధన్‌లో మనవడి ఇంట్లో ఉంటోంది. మర్నాడు పొద్దున్నే పోయాను. వాకిట్లో చాట ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఊళ్ళో మడ్డి వాసన లేదు, పక్కన మురికి కాలువ వాసన ఉంది. నన్ను చూసి, "రా బిడ్డా, కూసో" అని పీట జరిపింది. నేను మొత్తం చెప్పాను. పాలరాయి సంగతి, పుస్తకం సంగతి. "బంగ్లోల్లు వస్తరు చిన్నవ్వా, ఫోన్ల పట్టుకుంటరు. మూడో ఆమె మా అవ్వ అని, గా మాట ఆమెదే అని నువ్వు జెప్పాలె" అన్నాను. ఆమె గింజలు తీయడం ఆపలేదు.

"నేనెట్ల జెప్పుత బిడ్డా?"

"ఎందుకు జెప్పవు? నీకు యాది లేదా?"

"యాది ఉంది, ఎందుకు లేదు? మొదటి గురువారం వాపసు వొయ్యేటప్పుడు మీ అవ్వ బస్సు ఎక్కనియ్యలే మమ్మల. తొవ్వల నిలవెట్టింది. గా రాసే పోరి నా బిడ్డ అని ఎవ్వలన్న నోరు జారితే దాని కొల్వు వోతది, సచ్చెదాక ఎవ్వలు అనొద్దు అన్నది. నలుగురితోని తన నెత్తి మీద చెయ్యి వెట్టిచ్చుకున్నది. ఒట్టేసినం. మిగిలిన ముగ్గురు గూడ గా మాట మింగే వొయ్యిన్రు."

"ఆమె పోయి ఎన్నేండ్లాయె చిన్నవ్వా. ఇంక ఒట్టేంది?"

"ఆమె వోతే? ఒట్టేసింది నేను. నేనింక ఉన్న గదా."

నాకు కోపం వచ్చింది. గట్టిగానే అన్నాను. ఆమె మాట రాయి మీద ఎక్కి ఇంకొకరి పేరు మీద ఉందని, నువ్వు నోరు తెరవకుంటే అట్లనే ఉంటదని, ఇదేం న్యాయమని. గంగవ్వ చింతపండు చాటలో పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, మొదటిసారి నన్ను సూటిగా చూసింది.

"నువ్వు జెప్పు. నువ్వు ఒట్టెయ్యలే గదా."

నిజమే, నేను ఏ ఒట్టూ వేయలేదు. ముందుమాటకు బదులు ఈ కాగితాలనే వాళ్ళకు పంపుతున్నాను, వేసుకుంటారో లేదో వాళ్ళిష్టం. మూడో ఆమె పేరు నర్సవ్వ. నేను ఆమె బిడ్డను.